చంపేదీ మనమే, కొనేదీ మనమే

"యూరియా వెయ్యకపోతే కరివేపాకు ఎదగదు." కారమడై చుట్టుపక్కల తోటల్లో ఎక్కడైనా వినిపించే మాట ఇది. ఇందులో సగం నిజం ఉంది. ప్రతి కోతలోనూ ఆకుతోపాటు నత్రజని తోట దాటిపోతుంది. దాన్ని మళ్ళీ నేలకి ఇవ్వాల్సిందే. కాని మట్టి అంటే మొక్కని నిలబెట్టే ఆసరా మాత్రమే, తిండంతా సంచిలోనే వస్తుంది అనుకోవడం మాత్రం పెద్ద తప్పు.

వేరుని అంటుకుని ఉండే పలచటి మట్టిపొరకి 1904లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హిల్ట్నర్ 'రైజోస్ఫియర్' అని పేరు పెట్టాడు. మనం వేరుమండలం అందాం. ఆకు ఎండలో తయారుచేసుకున్న చక్కెరలో కొంత భాగాన్ని మొక్క వేళ్ళ ద్వారా బయటికి వదులుతుంది. అది వృథా కాదు, కూలి! ఆ తిండి కోసం చేరిన బ్యాక్టీరియాలో కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. కొన్ని మట్టికి అతుక్కుపోయిన భాస్వరాన్ని కరిగిస్తాయి. కొన్ని శిలీంద్రాల పోగులు వేరు అందుకోలేని చోటినుంచి భాస్వరం మోసుకొస్తాయి. మరికొన్ని రోగాలు తెచ్చే బూజుని అడ్డుకుంటాయి. ఒక్క గ్రాము మంచి మట్టిలో ఇలాంటి జీవులు కోట్లలో ఉంటాయి.

వీటికి మనం చేస్తున్నదేమిటి? రాలిన ఆకునీ చెత్తనీ కుప్పపోసి తగలబెడతాం. నేలని బోడిగా ఎండకి వదిలేస్తాం. అవసరం ఉన్నా లేకపోయినా బూజుమందు మొదట్లో పోస్తాం. యూరియాలో 46 శాతం నత్రజని ఉంది సరే, ఈ జీవులకి కావలసిన ఆకూ అలమూ పెట్టే తిండి అందులో ఎక్కడుంది? నత్రజని ఎక్కువైతే అలసంద వేళ్ళకి బుడిపెలు తగ్గుతాయి. భాస్వరం ఎక్కువైతే శిలీంద్రాలతో వేరుకున్న పొత్తు సడలుతుంది.

ఆ తర్వాత అంగడికి వెళ్ళి 200 గ్రాముల అజోస్పైరిల్లం పొట్లం కొంటాం! దాన్ని రసాయన ఎరువుతో కలపొద్దనీ ఎండలో పెట్టొద్దనీ పొట్లం మీదే రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు? రెండూ కలిపి చల్లేసి, "ఇది పనిచెయ్యదు" అని తీర్పు చెప్పేస్తాం.

"ఇన్నేళ్ళు యూరియాతోనే కదా పండించాం" అంటారు పెద్దలు. నిజమే. ఒక్కరోజులో మానెయ్యమని నేను అనడం లేదు. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసి, అదే ఏడాది వెనక్కి తగ్గింది. అయినా వరి దిగుబడి పడిపోయింది. "పంచగవ్యం చల్లితే చాలు" అనేవాళ్ళతో కూడా నాకు పేచీయే. బోడినేల మీద ఏ కుండ కుమ్మరించినా, అందులోని జీవులు ఏం తిని బతుకుతాయి? ఆంధ్రాలో ప్రకృతి వ్యవసాయం నేర్పేవాళ్ళు ద్రవజీవామృతంతో ఆగరు. ఏడాది పొడుగునా నేలని ఏదో ఒక పైరుతో కప్పి ఉంచమంటారు. అసలు కిటుకు అక్కడుంది. అతిథిని పిలిచే ముందు అన్నం వండాలి కదా!

2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలుంటాయి. సూక్ష్మజీవుల లెక్క అందులో లేదు. వాటి తిండిని తెలిపే సేంద్రియ కర్బనం మాత్రం ఉంది. మనవాళ్ళు నత్రజని, భాస్వరం, పొటాష్ చూసి కార్డు మడిచేస్తారు. ఇకమీదట ముందు ఆ కర్బనం గడి చూడండి.

కార్డు లేకపోయినా పరీక్ష ఉంది. కరివేపాకు వరసల మధ్య అలసందో ఉలవో చల్లండి. పూత సమయంలో ఒక మొక్కని పెళ్ళగించి, వేరుబుడిపెని గోటితో చీల్చండి. లోపల గులాబీరంగు ఉంటే బ్యాక్టీరియా పనిలో ఉన్నట్టు. బుడిపెలే లేకపోయినా, చీల్చితే తెల్లగా పాలిపోయి ఉన్నా, ఇంకో సంచి కొనేముందు ఆ ఏడాది చెత్తకి నిప్పు పెట్టడం మానండి. దానికి పైసా ఖర్చు లేదు.