బియ్యము ద్రవపదార్థమా?

గత సంవత్సరము మా తరగతిలో నొక బాలుడు లేచి, "అయ్యా! ద్రవపదార్థము తానున్న పాత్రయొక్క ఆకారమును బొందునని తాము సెలవిచ్చితిరి గదా! చెంబులో బోసిన బియ్యమును చెంబు ఆకారమునే పొందుచున్నది. అట్లయిన బియ్యము ద్రవపదార్థమా?" యని యడిగెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. గంట కొట్టు వేళ యగుటచే మేమును వానిని గూర్చుండుమంటిమి. అది మా తప్పిదము.

ఘనపదార్థమునకు ఆకారమును ఘనపరిమాణమును నియతములనియు, ద్రవమునకు ఘనపరిమాణము మాత్రమే నియతమనియు, వాయువునకు రెండును నియతములు కావనియు మన పిల్లలు గ్రుక్క తిప్పుకొనక వల్లింతురు. మార్కులును వచ్చును. ఆ బాలుడొక్కడే దానిని ఇంటిలోని వస్తువుతో సరిచూచినాడు. నిర్వచనము పాఠమునకు చివర రావలెను గాని మొదట గాదని మా యభిప్రాయము.

మరునాడు సోలయు, బియ్యమును, నీరును దెచ్చితిమి. సోలపైన బియ్యము గోపురముగా నిలిచెను. నీరు నిలువక పొర్లిపోయెను. బల్లపై గ్రుమ్మరింపగా బియ్యము కుప్పయయ్యెను, నీరు పఱచుకొనిపోయెను. ఒక్క గింజను సీసాలో వేసినను పళ్లెములో వేసినను దాని రూపు మారదు. చెంబు ఆకారమును బొందినది గింజల గుంపేగాని గింజ గాదు. ఈ మాట చెప్పినవాడు ముందటి దినమున నవ్వినవారిలో నొకడే!

వాయువు కంటికి గనబడదు గనుక దాని సంగతి కొంచెము కష్టము. సైకిలు పంపు మూతిని వ్రేలితో గట్టిగా మూసి కాడను నొక్కిన, లోని గాలి కొంతవఱకు నణగి, విడిచినతోడనే వెనుకకు దన్నును. నీరు నిండిన పిచికారి నట్లు నొక్కి చూడుడు, లోబడదు. ఉష్ణము మారకున్నయెడల ఒత్తిడి రెట్టింపైన గాలి పరిమాణము సగమగునని రాబర్టు బాయిలు 1662లో బ్రకటించెను. సోలెడు నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఆవిరియైనచో సుమారు 1,600 సోలల చోటు నాక్రమించును. అన్నపుకుండ మూత యేల యెగిరిపడునో తల్లులు పిల్లలకు జూపవచ్చును. ఇంటిలో నీళ్లు పాఱబోసి యాడుచున్నారని వెంటనే కోపింపవలదని తల్లిదండ్రులకు మా మనవి.

మొన్న శీతకాలమున నా బాలుడే పూసగట్టిన నేతిని దెచ్చి, యిది యే జాతిలోనిదని యడిగెను. పూస ఘనము, పూసల నడుమ నున్నది ద్రవము అని చెప్పితిమి. ఈసారి యెవరును నవ్వలేదు.