ఒకే పట్టిక, రెండు ఊళ్ళు

మంచు హాకీ గురించి తెలుగులో టపా ఏమిటని మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. గడ్డకట్టిన నీటిమీద, కాళ్ళకు ఉక్కు పలకలు బిగించుకొని, బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ళతో ఆడే ఆ ఆటకూ మనకూ చుట్టరికమేమీ లేదు. అయితే నేను చెప్పదలచుకొన్నది ఆట సంగతి కాదు, పట్టిక సంగతి. చరిత్రను వరుసలుగా, గడులుగా అమర్చినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న సంగతి. అది ఏ ఊరివారికైనా పట్టేదే.

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో ప్రతి జట్టుకూ సీజన్లవారీ పట్టిక ఒకటి ఉంటుంది. ఏ ఏడు, ఎన్ని ఆటలు, ఎన్ని గెలుపులు, ఎన్ని ఓటములు, ఎన్ని పాయింట్లు, చివరకు ప్లేఆఫ్‌లలో ఏమయింది - అంతే. విశేషణాలుండవు, వ్యాఖ్యానముండదు. అందుకే నాకీ పట్టికలంటే ఇష్టం. ఓపికగా పైనుండి కిందికి చదివితే వాటిలో ఒక వంశచరిత్ర కనిపిస్తుంది.

కొలరాడో అవలాంచ్ అనే జట్టు పట్టికను తీసుకొందాం. ఈ జట్టు ఉండేది అమెరికాలోని డెన్వరు నగరంలో. కాని పట్టిక మొదలయ్యేది అక్కడ కాదు. కెనడాలో, ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ నగరంలో. అప్పటి పేరు నార్డిక్స్, అంటే ఉత్తరాదివారు. 1972లో వరల్డ్ హాకీ అసోసియేషన్ అనే పోటీ లీగులో పుట్టి, 1977లో అక్కడి కప్పు గెలిచి, 1979లో ఆ లీగు మూతపడినప్పుడు మరి మూడు జట్లతో కలిసి పెద్ద లీగులోకి వచ్చింది. కనుక మొదటి వరుస 1979-80: ప్లేఆఫ్‌లకు చేరలేదు.

తరువాతి ఏడు వరుసలూ కళకళలాడుతుంటాయి. 1980 వేసవిలో చెకొస్లొవేకియానుండి తప్పించుకు వచ్చిన పీటర్, ఆంటన్ స్టాస్ట్‌నీ సోదరులు ఈ జట్టులో చేరారు. మరుసటి ఏడు అన్న మేరియన్ వచ్చి కలిశాడు. 1981-82లో పీటర్ ఒక్కడే 139 పాయింట్లు సాధించాడు. ఆ సంవత్సరాలలో మాంట్రియాల్‌తో వీరి వైరం ఆటను దాటి సారా కంపెనీల పోటీగా, రాజకీయంగా, ఇంటింటి తగవుగా పెరిగింది. 1982లోనూ, 1985లోనూ ఈ చిన్న ఊరు ఆ మహానగరాన్ని ప్లేఆఫ్‌లలో ఓడించింది.

ఆపై పతనం. 1987-88 నుండి వరుసగా ఐదేళ్ళు ప్లేఆఫ్‌లు లేవు. 1989-90 వరుస చూడండి: 80 ఆటలు, 12 గెలుపులు, 31 పాయింట్లు. అట్టడుగున నిలిచిన జట్టుకు కొత్త ఆటగాళ్ళలో మొదటివాణ్ణి ఎంచుకొనే హక్కు దక్కేది. ఆ దుఃఖహక్కు క్యుబెక్‌కు 1989, 1990, 1991లలో మూడుసార్లు దక్కింది. మూడవసారి ఎంచుకొన్న ఎరిక్ లిండ్రాస్ ఆ ఊరికి రానుపొమ్మన్నాడు. 1992లో అతణ్ణి ఫిలడెల్ఫియాకు ఇచ్చి, బదులుగా పీటర్ ఫోర్స్‌బర్గ్‌తో సహా పలువురు ఆటగాళ్ళనూ, కోటిన్నర డాలర్లనూ తెచ్చుకొన్నారు. ఫలితం వెంటనే కనిపించింది: 1991-92లో 52 పాయింట్లు, 1992-93లో 104. సరిగ్గా రెట్టింపు. యజమానుల లాకౌట్ వల్ల 48 ఆటలకు కుదించుకుపోయిన 1994-95లో 30 గెలుపులతో తూర్పు విభాగంలో మొదటి స్థానం.

తరువాతి వరుస 1995-96: 47 గెలుపులు, 104 పాయింట్లు, స్టాన్లీ కప్పు. పదహారేళ్ళ నిరీక్షణ ఫలించింది!

ఫలించింది కాని క్యుబెక్‌లో కాదు. ఈ రెండు వరుసల నడుమ సన్నని గీత ఒకటుంది. పట్టికలోని మిగతా గీతలకూ దానికీ తేడా ఏమీ లేదు. కాని ఆ గీత మందంలోనే 1995 మే 25 ఉన్నది. జట్టును డెన్వరులోని ఒక కంపెనీకి 7.5 కోట్ల డాలర్లకు అమ్మివేసినట్టు ఆ రోజున ప్రకటించారు. కారణాలు కొత్తవి కావు. ఏడు లక్షలు దాటని జనాభా. టిక్కెట్ల రాబడి కెనడా డాలర్లలో, ఆటగాళ్ళ జీతాలు అమెరికా డాలర్లలో. ఆ ఏడు కెనడా డాలరు విలువ అమెరికా డాలరులో ముప్పావుకు లోపే. కొత్త క్రీడాప్రాంగణానికి, నష్టాల భర్తీకి ప్రభుత్వంతో బేరం కుదరలేదు. దున్నిందీ నారు పోసిందీ ఒక ఊరు, కోత కోసుకొన్నది మరొక ఊరు.

ఇక్కడ ఎదుటి వాదాన్ని కూడా న్యాయంగా వినాలి. చరిత్ర ఆటగాళ్ళతో నడుస్తుంది గాని గోడలతో కాదు కదా అంటారు కొందరు. నిజమే. 1987లో క్యుబెక్ ఎంపిక చేసుకొన్న జో సాకిక్ అక్కడా నాయకుడే, డెన్వరులోనూ నాయకుడే. 1996 ఫైనల్ చివరి ఆటలో, మూడవ అదనపు సమయంలో పడిన ఏకైక గోలు కొట్టిన ఊవే క్రుప్ అంతకు ముందు ఏడు క్యుబెక్ చొక్కా తొడుక్కొన్నవాడే. పట్టికను అక్కడ తెంచివేస్తే ఆ కప్పు వెనుక ఉన్న పదహారేళ్ళ కష్టం మాయమై, డెన్వరు విజయం గాలిలోంచి ఊడిపడినట్టవుతుంది. పైగా ఆ గెలుపుకు ముఖ్యుడైన గోలీ పాట్రిక్ రువాను మాంట్రియాల్ 1995 డిసెంబరులో డెన్వరుకు ఇచ్చింది. జట్టు క్యుబెక్‌లోనే ఉండి ఉంటే తన ఆగర్భశత్రువుకు అతణ్ణి ఇచ్చి ఉండేదా అన్న వాదన ఉండనే ఉన్నది. కనుక ఆ కప్పు క్యుబెక్‌దేనని నేను అనను.

నా అభ్యంతరం వేరు. కొనసాగింపు అన్నది నిజమైతే అన్నిటా కొనసాగాలి. క్యుబెక్‌లో నలుగురి చొక్కా అంకెలను గౌరవార్థం శాశ్వతంగా పక్కన పెట్టారు: ట్రాంబ్లే 3, టార్డిఫ్ 8, గూలే 16, పీటర్ స్టాస్ట్‌నీ 26. మరెవ్వరూ వాటిని తొడగరాదని అర్థం. డెన్వరుకు చేరగానే ఆ అంకెలు మళ్ళీ పంపకానికి వచ్చాయి. 2022 ప్లేఆఫ్‌లలో అత్యుత్తమ ఆటగాడైన కేల్ మకార్ చొక్కా అంకె 8. పీటర్ అంకె 26ను అతని కొడుకు పాల్ స్టాస్ట్‌నీ 2006నుండి డెన్వరులో తొడిగాడు. క్యుబెక్ నగరంలోనే పుట్టిన ఆ కుర్రవాడికి తండ్రి అంకె దక్కడం ముచ్చటే, కాని అది దక్కింది తండ్రికి ఇచ్చిన మాటను జట్టు వదిలేయడం వల్లనే.

ఇక రికార్డుల సంగతి చూడండి. 2023-24లో నేథన్ మెకినన్ 140 పాయింట్లు సాధించినప్పుడు అది జట్టు చరిత్రలోనే అత్యధికమని చాటారు. అతను దాటినది ఏ అంకెను? పీటర్ స్టాస్ట్‌నీ 1981-82లో సాధించిన 139ని. అంటే అధిగమించడానికి క్యుబెక్ కావాలి, గౌరవించడానికి అక్కరలేదు! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. చెట్టు మాత్రం ఎవరికీ పట్టలేదు.

డెన్వరువారిని ఇందులో దొంగలుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. వారికీ ఈ నొప్పి తెలుసు. 1976నుండి 1982దాకా వారికి కొలరాడో రాకీస్ అనే హాకీ జట్టుండేది. అది న్యూజెర్సీకి తరలిపోయి డెవిల్స్ అయింది. 2001 ఫైనల్‌లో అవలాంచ్ ఓడించిన జట్టు ఆ డెవిల్సే. ఒకనాటి తమ జట్టును, మరొకరి ఊరినుండి వచ్చిన జట్టుతో ఓడించి డెన్వరు సంబరపడింది. రెండు పట్టికలలోనూ ఈ వింత ఎక్కడా కనబడదు.

మన వద్దా ఇటువంటి చిక్కు ఒకటున్నది. హైదరాబాదు పేర ఆడిన డెక్కన్ ఛార్జర్స్ 2008లో 14 ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది, 2009లో కప్పు గెలిచింది. ఆ ఏడు పోటీలన్నీ దక్షిణాఫ్రికాలో జరిగాయి. 2012లో ఆ జట్టు రద్దయింది. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది, 2016లో కప్పు గెలిచింది. హైదరాబాదు అభిమాని రెండు కప్పులు చూశాడు. సన్‌రైజర్స్ లెక్కలో ఉన్నది ఒక్కటే. అక్కడ ఒకే పట్టికలో రెండు ఊళ్ళు, ఇక్కడ ఒకే ఊరికి రెండు పట్టికలు. రెండుచోట్లా కాగితం నడిచింది హక్కుపత్రం వెంట, చూసిన కళ్ళ వెంట కాదు.

మరి ఏం చేయాలి? మన పల్లెల్లోని అడంగల్‌ను గుర్తు చేసుకోండి. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఒక గడి వేరువేరుగా ఉంటాయి. భూమి ఎవరిదో, దున్నుతున్నదెవరో రెండూ రాయాలన్న ఇంగితం ఆ కాగితానికున్నది. హాకీ పట్టికకు కూడా అటువంటి గడి ఒకటి చాలు: ఊరు. ప్రతి వరుసలోనూ, గెలుపులకంటే ముందు. అప్పుడు చదివేవాడి కన్ను 1994-95 దగ్గర జారిపోదు, ఆగుతుంది.

పట్టికలో చోటు లేదనడానికి వీలులేదు. 2004-05లో లాకౌట్ వల్ల లీగులో ఒక్క ఆట కూడా జరగలేదు; అయినా ఆ ఏటికొక వరుస కేటాయించి, సీజను రద్దయిందని రాశారు. ఏమీ జరగని ఏటికి ఒక వరుస ఇవ్వగలిగినవారు, ఒక ఊరు తన జట్టును పోగొట్టుకొన్న ఏటికి ఒక గీతనైనా మందంగా గీయలేరా?

2015లో క్యుబెక్ కొత్త క్రీడాప్రాంగణం కట్టుకొని తలుపులు తెరిచింది. 2016లో లీగు కొత్త జట్టును లాస్ వేగస్‌కు ఇచ్చి, క్యుబెక్ దరఖాస్తును వాయిదా వేసింది. జట్టు ఇవ్వడమూ ఇవ్వకపోవడమూ వ్యాపారం. అందులో నాబోటివాడు చెప్పగలిగేదేమీ లేదు. జరిగినదాన్ని జరిగిన చోటే జరిగినట్టు రాయడానికి మాత్రం పైసా ఖర్చులేదు. మీరేమంటారు?