దీర్ఘరోగికి పచ్చబొట్టు తగునా?

పచ్చబొట్టు పెద్దలకు పాతకాలపు ముచ్చట, పిల్లలకు పట్నపు వేడుక. ఈ రెంటికీ చెందని పచ్చబొట్టును గూర్చి ఒక రోగి నన్నడిగాడు. ఆ ప్రశ్ననే పాఠకుల ముందుంచుతున్నాను.

గత వేసవిలో ఉద్దానం నుండి ఒక యువకుడు వచ్చాడు. ముప్పై యేండ్లు నిండలేదు. మూత్రపిండాలు చెడి వారానికి మూడుమార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మందుకోసం వచ్చాడనుకున్నాను. "ఎడం సేతిమీద కొబ్బరిమొక్క పొడిపించుకుందామనుకుంతన్నాను బాబూ. తప్పేటి?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. సూదులతో చిల్లులు పడిన చేతికి మరల సూదులా అని మందలించాను. అతడు తలవంచుకొని, 2018 అక్టోబరు తిత్లీ తుపానులో తమ తోట యావత్తూ నేలకొరిగిందనీ, తిరిగి నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకు వస్తున్నాయనీ, ఆ నీళ్లు మాత్రం తాను త్రాగరాదనీ చెప్పాడు. కొబ్బరినీటిలో పొటాషియం హెచ్చు. చెడిన మూత్రపిండం దానిని విసర్జింపలేదు. గుండె లయ తప్పుతుంది. నీరసించినవారికి మనం ముందుగా పట్టే కొబ్బరినీరే ఆ తోటల బిడ్డకు కూడనిదైంది. నేను మందలించి ఉండవలసినది కాదు.

గురుకులంలో వల్లించిన సుశ్రుత సంహితలో యాప్యవ్యాధి అనే విభాగమున్నది. అది పూర్తిగా నయం కాదు, చికిత్స సాగినంతకాలం అదుపులో ఉంటుంది. కూలబోయే ఇంటికి చక్కగా పెట్టిన ఊతకంబమువలె చికిత్స ఆ రోగిని నిలుపుతుందని సుశ్రుతుడంటాడు. ఉద్దానంలో ఈ జబ్బుకు మూలకారణం నేటికీ ఇదమిత్థమని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. అవి శరీరానికి ఊతలు. మనస్సుకు కూడ ఒకటి కావాలని అతడు కోరితే తప్పెట్లా అవుతుంది?

నొప్పికీ పచ్చబొట్టుకూ గల సంబంధం కొత్తది కాదు. మా నాయనమ్మగారి మోకాళ్లచుట్టూ పచ్చని చుక్కలుండేవి. కీళ్లవాతానికి పొడిపించుకున్నానని చెప్పేవారు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో సుమారు 5,300 యేండ్లనాటి మనిషి దేహం బయటపడింది. దానిపై 61 పచ్చబొట్లున్నాయి. వాటిలో పెక్కు నడుము, మోకాలు, చీలమండల చెంతనే. అది చికిత్సార్థమే కావచ్చునని పండితుల ఊహ. నాయనమ్మగారి నొప్పి తగ్గిందో లేదో నేనెరుగను. ఆమె ఆ చుక్కలను ప్రేమగా తడుముకోవడం మాత్రం చూశాను.

అయితే వైద్యునిగా కొన్ని నిబంధనలు చెప్పక తప్పదు. డయాలసిస్ కొరకు ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా కట్టిన చేతిని డయాలసిస్ సూదికి తప్ప మరే సూదికీ అప్పగించరాదు. అది పాడైతే రెండవచేయి అవసరపడవచ్చును గనుక దానినీ కాపాడుకోవాలి. డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండ మందిస్తారు. ఆ రోజున పొడిపించుకుంటే రక్తస్రావం త్వరగా ఆగకపోవచ్చును. పూర్వం ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి దీపపు మసిని ఆకుపసరుతో కలిపి పొడిచేవారు. ఒకే సూదులకట్ట ఎందరికో వాడడంలోని ప్రమాదం ఆనాడెవరికీ తెలియదు. హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ క్రిములు ఆ దారినే ప్రవేశిస్తాయి. నేటి అద్దాలగది దుకాణంలోనైనా కొత్త సూదిని మన కళ్లెదుట విప్పాలి, రంగును కొత్త గిన్నెలో పోయాలి. మధుమేహులు చక్కెర అదుపులోనికి వచ్చిన తరువాతనే ఆ ఆలోచన చేయాలి. వారు పాదాల జోలికి అసలే పోరాదు. మూత్రపిండం మార్పిడి చేయించుకొన్నవారికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులుంటాయి గనుక వైద్యుని అనుమతి లేనిదే వలదు. పచ్చిగాయంపై పసుపుముద్ద, ఆకుపసరు పూయకండి. శుభ్రమైన నీరు, పొడిగుడ్డ చాలు.

ఇంకొక మాట, నా తోటి వైద్యులకు కోపం వచ్చినా సరే. మూత్రపిండరోగికి పేరూ ఊరూ తెలియని భస్మాలు ఇచ్చేవాని కంటె పచ్చబొట్టు పొడిచేవాడు తక్కువ హాని చేస్తాడు.

అతనిని డయాలసిస్ వైద్యుల వద్దకు పంపాను. చేతులమీద వద్దన్నారట, హెపటైటిస్ టీకా మోతాదులన్నీ పూర్తయి, రక్తపరీక్ష చూచిన తరువాత ఆలోచిద్దామన్నారట. ఆగుతానన్నాడు. బొమ్మను మాత్రం కాగితంమీద గీయించుకొని చొక్కాజేబులో పెట్టుకొని తిరుగుతున్నాడు. మొన్న వచ్చినప్పుడు విప్పి చూపి, ఆకులు ఐదుండాలా ఆరుండాలా అని అడిగాడు.