షడ్భుజిలో దాగని బొమ్మ

మన ఆఫీసుల్లో బొమ్మ నలుచదరంగా ఉండటమే నేరం అయిపోయింది. స్లైడులో ఏదైనా పెట్టామా, దాన్ని గుండ్రంగానో, మేఘంలాగానో, తేనెపట్టు గదిలాగానో కత్తిరించాల్సిందే. మనుషుల మొహాలు గుండ్రంగా కత్తిరిస్తే నాకేం అభ్యంతరం లేదు. గ్రాఫుని షడ్భుజిలో ఇరికిస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. కింద ఉన్న నెలలు పోతాయి, పక్కనున్న అంకెలు పోతాయి, మిగిలేది రంగులే.

ఇంతవరకే అయితే విసుక్కుని ఊరుకునేవాణ్ణి. అసలు సంగతేంటంటే, పవర్‌పాయింట్‌లో "క్రాప్ టు షేప్" కొడితే బొమ్మ తెగదండీ! పైకి కనపడదు, అంతే. నమ్మకపోతే మీ పీపీటీఎక్స్ ఫైలుకి ఓ కాపీ తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల మీడియా ఫోల్డరులో బొమ్మ తలా తోకా సహా కూర్చుని ఉంటుంది.

మా టీములో ఏడాది అనుభవం ఉన్న ఒకమ్మాయిని మేనేజర్ గారు "కొంచెం క్రియేటివ్‌గా చెయ్యమ్మా" అన్నారు. పాపం, డాష్‌బోర్డు స్క్రీన్‌షాట్‌ని షడ్భుజి చేసింది. కనపడని భాగంలో ఇంకో కస్టమరు పేరు, బిల్లు మొత్తం ఉన్నాయి. అది క్లయింటుకి వెళ్ళింది. అక్కడెవరో బొమ్మ మీద క్లిక్ చేసి క్రాప్ నొక్కారు. మర్నాడు వివరణ అడిగింది ఎవర్నంటారు? ఆ పిల్లనే. ఆమెకి సెక్యూరిటీ మీద అవగాహన లేదుట! రివ్యూలో "సూపర్" అన్నది ఆయనే. ఆ రివ్యూలో నేనూ ఉన్నాను, నేనూ గమనించలేదు. ఆ మెయిలొచ్చాక నోరూ ఎత్తలేదు. అందుకే ఇప్పుడు ఈ గోల.

"కంప్రెస్ పిక్చర్స్‌లో కత్తిరించిన భాగం తీసేసే ఆప్షన్ ఉందిగా" అంటారు కొందరు. ఉంది, కానీ వెతుక్కుని మనమే నొక్కాలి. పైగా షడ్భుజి మూలల్లో దాక్కున్న దానికి దాన్ని నమ్ముకోలేం. దానికన్నా, ముందే పెయింట్‌లో కత్తిరించి, కావలసిన ముక్కనే స్లైడులో అతికించండి. తర్వాత దాన్ని నక్షత్రం చేసుకున్నా, నెలవంక చేసుకున్నా మీ ఇష్టం.

క్రియేటివిటీ అడిగే పెద్దలకి ఒకటే మనవి. చప్పట్లు పడ్డప్పుడు స్లైడు మీదే అంటారుగా, తిట్లు పడ్డప్పుడు కూడా మీదే అనండి.