బయానా ఎవరి సొమ్ము?

భార్య మెడలోని గొలుసు కుదువబెట్టి తెచ్చిన లక్ష రూపాయలను ఇంటి కొనుగోలుకు బయానాగా చెల్లించి, అగ్రిమెంటు కాగితమును దేవుని పటము వెనుక భద్రపరచుకొనిన గృహస్థునకు, అధిక ధర పలికిన వేరొకని జూచి విక్రేత మొగము చాటుచేసినచో, ఆ సొమ్ము ఏ న్యాయముచే విక్రేత పెట్టెలో నిలువవలెను?

కొనువాడు వెనుదీసిన బయానా పోవుట లోకమెరిగిన రివాజే. అమ్మువాడే తప్పినప్పుడు “ఖర్చయిపోయినది, చూతము” అనుట కేవలము అన్యాయము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 55వ సెక్షను, కొనువాని తప్పు లేనప్పుడు, ఆ బయానాకు ఆ ఇంటినే పూచీగా నిలుపుచున్నది. స్పెసిఫిక్ రిలీఫు చట్టము క్రింద రిజిస్ట్రేషనుకై దావా వేయువాడు, బయానా వాపసును గూడ అందులో విడిగా కోరవలెను. కోరనిది కోర్టు ఇప్పింపదు. ఆ దావాకు గడువు మూడేండ్లే. మధ్యవర్తుల యరుగులపై, “వచ్చే నెల తప్పక యిప్పింతుము” అను మాటలు వినుచు, ఎందరో ఆ మూడేండ్లను పోగొట్టుకొనుచున్నారు.