మీ ఫోటో – మా మాట: అత్తమ్మ ముఖం ఏదీ?

ఈ వారం ఫోటో సోమశిల నుంచి వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఊరది. పంపిన సోదరి ఇలా రాశారు: "మా అత్తమ్మ బజార్ల కూసోని చేపలు అమ్ముతది. ఫోన్ల తీసిన. ఫోటో మంచిగనే వచ్చింది గని అత్తమ్మ మొఖం కానొస్తలేదు. పాత ఊరు నీళ్ళల్ల మునిగింది. ఆ ఊరి ఫోటో ఒక్కటి గూడ మా ఇంట్ల లేదు. గందుకే ఇది మంచిగ రావాలె."

ఆ చివరి మాట చదివాక 'బాగుందమ్మా' అని తేల్చేయడానికి మనసొప్పలేదు. శ్రీశైలం జలాశయం కోసం పాత సోమశిల మునిగినప్పుడు లలితా సోమేశ్వరాలయాన్ని మెరక మీదకు తెచ్చి మళ్ళీ కట్టారు. వీధుల్ని అలా తేలేరు కదా! 2024లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో సోమశిలకూ చోటిచ్చింది. వచ్చినవాళ్ళు నీళ్ళనీ గుడినీ తీసుకుని వెళ్తారు. చేపల గంపని ఇంటివాళ్ళే తీసుకోవాలి.

ముందు మెచ్చుకోవలసింది చెబుతాను. అత్తగారిని "ఇటు చూడండి" అని పిలవకుండా తీశారు, చాలా మంచి పని. పిలిచి ఉంటే కొంగు సర్దుకుని బిగుసుకుపోయేవారు. తక్కెడ ఎత్తిన చెయ్యీ, బేరమాడుతూ ముందుకు వంగిన ఆవిడా, ఆ క్షణం దొరికింది మీకు.

ఇక వెలుగు. నీడలు పొట్టిగా ఉన్నాయి, పైగా మీవైపే పడ్డాయి. అంటే పొద్దెక్కాక, ఎండకు ఎదురుగా నిలబడి తీశారన్నమాట. వెనక నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి. ఫోన్‌కి అత్తమ్మ ఎవరో తెలియదు పాపం! ఫ్రేములో సగం ధగధగలాడుతుంటే, వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం బొమ్మనే తగ్గించేస్తుంది. నీళ్ళు చక్కగా వస్తాయి, మనిషి బొగ్గవుతుంది. ఈసారి తెరమీద ఆమె ముఖం దగ్గర వేలితో నొక్కండి. చిన్న సూర్యుడి గుర్తు వస్తే దాన్ని కాస్త పైకి జరపండి. వెనక నీళ్ళు పాలిపోతే పోనివ్వండి.

అంతకన్నా మేలు, మీరే నదికి వీపు పెట్టి నిలబడటం. వేళ కూడా మార్చండి. పొద్దు పొడిచిన గంటలోపు ఎండ ఏటవాలుగా, మెత్తగా పడుతుంది. నడినెత్తి ఎండలో కళ్ళు గుంటలవుతాయి, ఎంత అందగత్తెకైనా! తప్పదనుకుంటే ఉతికిన తెల్ల పంచె ఒకటి ఆమె ఎదురుగా దండెంమీద ఎండ తగిలేలా ఆరేయండి. దానిమీద పడ్డ వెలుగు తిరిగి ముఖంమీదకు వస్తుంది. పైసా ఖర్చు లేదు, బట్టలూ ఆరతాయి.

కూర్పు సంగతి. ఆమె కూచుని ఉంటే మీరు నిలబడి తీశారు. అందుకే నడినెత్తి కనిపిస్తోంది, కొంగు అంచు నీడ ముఖాన్ని ఇంకా మింగింది. మీరూ గొంతుక్కూచోండి. తలమీంచి కరెంటు స్తంభం మొలిచినట్టుంది, ఒక్క అడుగు పక్కకి జరిగితే చాలు. కుడివైపు సగం తెగిన మోటారు సైకిల్ చక్రం ఎందుకండీ? నాలుగడుగులు ముందుకెళ్తే అదే పోతుంది. పక్కింటి గడపనీ, అరుగుమీద వేసిన వలనీ మాత్రం తీసెయ్యకండి. అవి లేకపోతే అది మీ వీధెలా అవుతుంది?

ఈ ఫోటో చూసిన ఒక ఫోటోగ్రాఫరు మిత్రుడు, "నల్లటి ఆకారం, వెనక వెండి నీళ్ళు, పోటీకి పంపిస్తే బహుమతి ఖాయం" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ రేపు మీ మనవరాలు ఆ ఆకారంలో ఎవరిని గుర్తుపడుతుంది? పరదా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు, నడపడానికి ఒక ఆంగ్ల వనిత. కొన్ని ముఖాలు బొమ్మలో నిలవడానికి అంత ఏర్పాటు! అది కలిగినవాళ్ళకి సాగింది. మీకు అరచేతిలో ఫోనుంది, ఎదురుగా అత్తమ్మ ఉంది.

మళ్ళీ తీసి పంపండి. ఒకటి కాదు, పది తీయండి. తక్కెడ ఎత్తిన ఆ చెయ్యి మాత్రం ఫ్రేములోంచి జారనివ్వకండి. నచ్చినదాన్ని కాగితంమీద అచ్చు వేయించి, వెనక తేదీ, వీధి పేరు, అత్తమ్మ పేరు రాయండి.