పాదబలమా, యంత్రబలమా?

1919లో పారిసు మోటారు ప్రదర్శనమున హిస్పానో-సుయిజా సంస్థవారి హెచ్6 కారును చూచి దాని ఆరు సిలిండర్ల ఇంజనును కొనియాడినవారు అనేకులు. కాని నాలుగు చక్రముల బ్రేకులకును తోడుగా ఆ సంస్థ రూపశిల్పి మార్క్ బిర్కిగ్ట్ అందు అమర్చిన సర్వో యంత్రమే, అనగా పాదబలమును ఇనుమడింపజేయు సహాయక యంత్రమే, అంతకంటె ఘనమైన కల్పనమని నా నిశ్చితాభిప్రాయము.

వేగము రెండింతలైనచో చలనశక్తి నాలుగింతలగును. కార్ల బరువును వేగమును ఏటేట పెరుగుచుండగా, వాటిని నిలుపుటకు మాత్రము పెడలుపై మోపిన పాదబలమే కడ్డీల వెంట, తీగల వెంట బ్రేకులకు చేరుచుండెను. అనేక వాహనములకు ముందుచక్రములయందు బ్రేకులే లేకుండెను. హైదరాబాదు నిజాముకొరకు 1912 ప్రాంతమున నిర్మింపబడిన రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ సింహాసన శకటమునకును అవి లేవు.

పాదమునకును బ్రేకునకును నడుమ మరియొక యంత్రము చొరరాదని పట్టుపట్టిన నిర్మాతల వాదమును తేలికగా త్రోసివేయరాదు. నేరుగా పనిచేయు బ్రేకులో చెడిపోవు భాగములు తక్కువ; చక్రము ఎంతవరకు పట్టువడినదో నడుపువాని పాదమునకు తత్క్షణమే తెలియును. అయినను ఎట్టోరే బుగాట్టి నిర్మించిన రోయాల్ కారును తలచుకొనుడు. సుమారు 3 టన్నుల బరువును, 12.7 లీటర్ల ఇంజనును గల ఆ మహాశకటమునకు తీగలతో లాగు బ్రేకులే తప్ప యంత్రసహాయము లేదు. మల్లుని కాలిబలము లేనిదే చప్పున నిలువని వాహనమును, అది ఎంత రమణీయమైనను, సంపూర్ణమైనదని నేనంగీకరింపజాలను. వృద్ధునకును, అలసినవానికిని, సన్నని దేహము గల స్త్రీకిని సమానముగా లోబడుటయే బ్రేకునకు ప్రథమధర్మము.

బిర్కిగ్ట్ ఆ ధర్మమును నెరవేర్చిన విధము మనోహరమైనది. గేరుబాక్సునుండి తిరుగు చిన్న డ్రమ్మును, పెడలు నొక్కినంతనే ఘర్షణఫలకము ఒరసి పట్టుకొనును. ఆ పట్టున పుట్టిన లాగుడు బ్రేకు కడ్డీలను బిగించును. అనగా కారుయొక్క గమనమే కారును నిలుపుటకు వినియోగపడును. ఈ పద్ధతిని అనుమతితో గ్రహించి 1924 నుండి తమ కార్లయందు ప్రవేశపెట్టిన రోల్స్-రాయిస్ వారు, కారు మెల్లగా కదలునపుడు సర్వో మందగించునని యెరిగి, పెడలునుండి వెనుకచక్రములకు నేరుగా పోవు కడ్డీని కూడ నిలుపుకొనిరి. ఈ ద్వంద్వమార్గమునందే నాకు వివేకము గోచరించుచున్నది.

కాని తుదకు గెలిచినది వేరు. బెల్జియము దేశీయుడైన ఆల్బర్ట్ డెవాండ్ర్ కల్పించిన వాక్యూమ్ సర్వో, ఇంజను పీల్పువలన కలుగు శూన్యమును ఆధారముగా గొని, 1930 నాటి బెంట్లీ 8 లీటర్ కారున చేరెను. అమెరికాలో పియర్స్-యారో 1928 లోనే అట్టి సహాయమును స్వీకరించియుండెను. నేడు మనము నడుపు పెట్రోలు, డీజిలు కార్లలో అధికభాగమునకు ఈ కుటుంబమునకు చెందినదే సహాయము. నిర్మాణము సులభము, స్పర్శ మృదువు; అయితే ఇంజను ఆగినచో నిలువయున్న శూన్యము రెండు మూడు నొక్కుళ్లకే వ్యయమగును. బిర్కిగ్ట్ యంత్రమో, ఇంజను చచ్చినను చక్రములు తిరుగునంతవరకు పనిచేయును.

ఈ భేదము చరిత్రకారులకే విడువదగినది కాదు. ఇంధనము మిగులునను ఆశతో అరకు, శ్రీశైలము ఘాట్ రోడ్ల వంటి దిగుడులయందు ఇంజను ఆపి కారును జారవిడుచువారు, సర్వో సహాయమును తమ చేతులతోనే తీసివేయుచున్నారు; వంపు దగ్గరకు వచ్చునప్పటికి పెడలు రాయివలె బిగిసియుండును. లైసెన్సు ఇచ్చు అధికారులు ప్రతి అభ్యర్థిచేతను, నిలిచియున్న కారులో ఇంజను ఆపించి, పెడలు గట్టిపడువరకు పలుమారులు నొక్కించి, అటుపిమ్మట పాదము మోపియుండగనే ఇంజను స్టార్టు చేయించి, పెడలు కొంచెము క్రిందికి దిగుట అనుభవమునకు తెప్పింపవలెను. ఇందుకు కొత్త ఉపకరణము అక్కరలేదు. రెండు నిమిషముల కాలము చాలును.